మెంతిగింజ – ఎలుక – మనిషి

మిరపకల్లములు ఎత్తివేసి, ప్రత్తి ఆఖరు తీత ముగిసిన పిమ్మట గుంటూరు, ప్రకాశము జిల్లాల రేగడి పల్లెలలో ఊరగాయల పని ఆరంభమగును. కొత్త కారము, కల్లుప్పు, ఆవపిండి, నూనె సిద్ధమైన చోట మెంతులు కూడ ఉండవలసినదే. దోరగా వేయించి దంచిన మెంతిపొడి పడనిదే పండుమిరపకాయ పచ్చడికి రుచి రాదని ఆ ప్రాంతపు గృహిణుల నిశ్చయము. ఆ గింజ అక్కడి నేలకును కొత్తది కాదు. గుంటూరు చెంతనున్న లాం వ్యవసాయ పరిశోధనా క్షేత్రము ప్రత్తికి, మిరపకు పేరుపడినట్లే ధనియాలు, మెంతుల రకములకును పేరుపడినది. 'లాం సెలెక్షన్ 1' అను మెంతి రకము అక్కడ రూపొందినదే.

ఇంతకాలము రుచికి, చలువకు, బాలింతల పథ్యమునకు వాడుకలో నున్న ఈ గింజకు మన తరములో మరియొక కీర్తి వచ్చినది. అది రక్తములోని కొలెస్టరాలును తగ్గించునని ఇంటింట వినుచున్నాము. మా కార్యాలయమునకు వచ్చు శ్రోతల ఉత్తరములలోను ఒక ప్రశ్న తరచు కనిపించును: మెంతులు తినుచున్నాము గదా, ఇక మాత్రలు మానవచ్చునా?

ఇది చిన్న ప్రశ్న కాదు. గుండెకు రక్తము నందించు నాళము ఒకసారి పూడుకొనిపోయిన మనిషి తనంతట తాను మాత్ర మానుట ప్రాణముతో పందెము కట్టుటయే. కావున మెంతులకు ఆ కీర్తి ఎట్లు వచ్చినది, ఎవరు పరీక్షించిరి, ఏ జంతువుపై, ఎంత మోతాదులో పరీక్షించిరి అను చరిత్రను ఒకమారు తెలిసికొనుట మేలు.

కొలెస్టరాలు అను పేరునకు మూలము పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున నున్నది. పిత్తాశయపు రాళ్లనుండి లభించు మైనమువంటి తెల్లని పదార్థమునకు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ గ్రీకు భాషలో పిత్తము, ఘనము అను అర్థములు గల మాటలు కలిపి పేరు పెట్టెను. ఆ పదార్థము విషము కాదు. మన దేహములోని ప్రతి జీవకణపు పొరలోను అది కలదు. పిత్తరసములోని ఆమ్లములు, కొన్ని హార్మోనులు దానినుండియే తయారగును. అయితే రక్తములో అది మితిమీరినచో చేటు కలుగునని ప్రయోగముచేత మొదట తేటపడినది కుందేలుపై.

1908లో రష్యాలో ఇగ్నటోవ్‌స్కీ అను వైద్యుడు కుందేళ్లకు మాంసము, గ్రుడ్లు, పాలు పెట్టి, వాని రక్తనాళముల గోడలు దళసరి యగుటను గమనించెను. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గులో అనిచ్కోవ్, ఖలాటోవ్ అను ఇరువురు పరిశోధకులు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. వారు శుద్ధి చేసిన కొలెస్టరాలును ప్రొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు పెట్టిరి. కుందేళ్ల నాళములలో అదే మార్పు కనబడినది. ఆహారములోని అనేక పదార్థములలో దోషి ఏదియో ఆనాడు తేలినది.

అయినను లోకము వెంటనే అంగీకరింపలేదు. ఎలుకలపై ప్రయోగము చేసినవారికి అట్టి ఫలితము రాలేదు. కుందేలు ఆకులలములు తిను జంతువు, దానికి కొలెస్టరాలు సహజాహారమే కాదు, కావున దాని రోగము మనుష్యులకు వర్తింపదని అనేకులు త్రోసిపుచ్చిరి. ఒకే ప్రశ్నకు కుందేలు ఒక జవాబును, ఎలుక ఇంకొక జవాబును ఇచ్చుట అప్పుడే ఆరంభమైనది. ఆ చిక్కు నేటికిని పరిశోధకులను విడువలేదు.

ఎలుక ఎందుకు వేరు? దానికి పిత్తాశయమే లేదు. కాలేయములో ఊరిన పిత్తము నిలువ యుండక నేరుగా ప్రేగులోనికి దిగును. అదియు గాక, మనుష్యుల రక్తములో అధికభాగము కొలెస్టరాలు చెడ్డదని పేరుపడిన ఎల్.డి.ఎల్. రూపమున సంచరించుచుండగా, ఎలుక రక్తములో అది అధికముగ మంచిదను హెచ్.డి.ఎల్. రూపమున నుండును. ఎలుకకు నేతి అన్నము పెట్టినంత మాత్రమున కొలెస్టరాలు పెరుగదు. అందుచేత పరిశోధకులు దాని మేతలో కొలెస్టరాలును, దానితోపాటు పిత్తామ్లమును, కొన్నిమార్లు థైరాయిడ్ గ్రంథిని అణచు మందును కలుపుదురు. అనగా మందును పరీక్షించుటకు ముందు రోగమునే చేతితో కల్పింపవలెను. అటుపిమ్మట కొన్ని ఎలుకలకు మూలికను పెట్టి, కొన్నింటికి పెట్టక, కొన్ని వారముల తరువాత రెండు జట్ల రక్తమును పోల్చి చూతురు. ఎలుక చవుక, త్వరగా పెరుగును, చిన్న బోనులో ఇముడును. అందుచేతనే ప్రయోగశాలలలో దానికి అంత గిరాకి.

ఇక మన తెలుగునాట జరిగిన సంగతికి వత్తము. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిని గూర్చిన చిన్న పరిశోధన విభాగమును ఆరంభించెను. అది క్రమముగ పెరిగి 1958లో హైదరాబాదు చేరెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. మన ప్రజలు నిత్యము తిను ధాన్యములు, పప్పులు, కూరలు, సుగంధ ద్రవ్యములలో ఏమున్నదో కొలిచి చూచుట ఆ సంస్థ పని. 1980 తరువాతి సంవత్సరములలో అక్కడి ఆర్. డి. శర్మ మెంతులను చేపట్టెను. ఇతర జిగురుపదార్థములతోపాటు మెంతులను కూడ పరీక్షించి, కొలెస్టరాలు పెంచిన ఎలుకలలో మెంతిగింజల ప్రభావమును గూర్చిన పరిశోధనను ఆయన 1986లో ప్రకటించెను. గింజ మేలు చేయునా అని అడిగి ఊరకుండక, గింజలోని ఏ భాగము ఆ పని చేయుచున్నదని వెదకుట ఆ పరిశోధన విశేషము.

సుమారు ఆ కాలముననే ఫ్రాన్సు దేశపు మాంట్‌పెలియే నగరములో మరియొక బృందము కుక్కలపై మెంతులను పరీక్షించెను. 1984లో వెలువడిన వారి ఫలితములలో ఒక చక్కని వివరము కలదు. వారు గింజలనుండి నూనెను వేరుచేసి, నూనెను, నూనె తీసిన పిండిని విడివిడిగా పెట్టి చూచిరి. పిండి కొలెస్టరాలును తగ్గించెను; నూనె తగ్గింపలేదు. మెంతులలో మేలు చేయు గుణము పిండిలోనే ఉన్నదని దీనివలన స్పష్టమైనది.

తరువాత ఇజ్రాయెల్ దేశములో రెహోవోత్ వ్యవసాయ కళాశాలకు చెందిన స్టార్క్, మదార్ అనువారు ఆ పిండినుండి సారమును తీసిరి. సారము అనగా ఏమో శ్రోతలకు తెలియుట మంచిది. నూనె తీసిన మెంతిపిండిని ఆల్కహాలులో ఉంచగా, అందులో కరుగు పదార్థములు ద్రవములోనికి దిగును. ఆ ద్రవమును వడగట్టి ఆవిరిచేయగా మిగులునది సారము. కాఫీ డికాక్షనును ఇగురబెట్టి పొడి చేసినట్లే అనుకొనవచ్చును. 1993లో వారు ప్రకటించిన ఫలితము ఇది: కిలో మేతకు 30 లేక 50 గ్రాముల చొప్పున ఆ సారమును కలిపి నాలుగు వారములు పెట్టగా, ఎలుకల రక్తములో కొలెస్టరాలు నూటికి 18 నుండి 26 వంతుల వరకు తగ్గెను.

ఇది ఎట్లు జరిగినది? కాలేయము కొలెస్టరాలునుండి పిత్తామ్లములను తయారుచేసి ప్రేగులోనికి పంపును. కొవ్వును జీర్ణము చేసిన తరువాత ఆ ఆమ్లములలో అధికభాగము ప్రేగునుండి తిరిగి రక్తములోనికి, రక్తమునుండి కాలేయమునకు చేరును. పొదుపరి గృహస్థు అరటిదొన్నెను పారవేయక గిన్నెను కడిగి మరల వాడుకొనినట్లు, దేహము ఆ ఆమ్లములను మరల మరల వాడుకొనును. మెంతిగింజలో దాదాపు సగము నారపదార్థము. నీళ్లలో నానవేసిన మెంతులకు జిగురు పట్టుట మనము చూచునదే. ఆ జిగురును, సాపోనిన్లను నురుగు పదార్థములును పిత్తామ్లములను తిరిగి పోనీయక అడ్డగించును. అవి మలముతో వెలుపలికి పోగా, కాలేయము కొత్త ఆమ్లములను చేయుటకు రక్తములోని కొలెస్టరాలును తీసికొనవలసి వచ్చును. రెహోవోత్ పరిశోధకులు ఎలుక ప్రేగుముక్కలపై వేరుగ పరీక్షించి, మెంతిసారము పిత్తామ్లముల తిరుగు ప్రయాణమును అడ్డుకొనుచున్నదని చూచిరి.

ఇంతవరకు సంగతి ఆశాజనకముగనే ఉన్నది. ఇప్పుడు తూకము చేతబట్టవలెను. కిలో మేతకు 30 నుండి 50 గ్రాముల సారము అన్న మాటను మనిషికి అన్వయించి చూతము. రోజుకు అరకిలో పొడి ఆహారము తిను మనిషికి ఆ లెక్కన 15 నుండి 25 గ్రాముల సారము కావలెను. అది గింజల తూకము కాదు, గింజలను ఇగిర్చి తీసిన సారపు తూకము. పచ్చడి ముద్దలో మనకు దొరకునది చిటికెడు మెంతిపొడి. మెంతుల కోసమని పచ్చడిని హెచ్చుగ తిన్నచో గింజకంటె ముందు ఉప్పు, నూనె కడుపులోనికి పోవును. రక్తపుపోటు గలవారికి ఆ ఉప్పు చేయు కీడు మెంతులు చేయు మేలును మించును.

మిరప మాట కూడ చెప్పకున్న గుంటూరువారికి లోటుగ నుండును. 1980లో మైసూరు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థకు చెందిన సాంబయ్య, సత్యనారాయణ అను శాస్త్రజ్ఞులు, ఎండుమిరపయు దానిలోని ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ అను పదార్థమును కొలెస్టరాలును తగ్గించు గుణము గలవని ప్రకటించిరి. 1986లో జపానుకు చెందిన కవాడా బృందము పందికొవ్వు హెచ్చుగ గల మేత తిను ఎలుకలకు అదే క్యాప్సైసిన్‌ను పెట్టెను. అక్కడ రక్తములోని ట్రైగ్లిజరైడ్లను కొవ్వులు తగ్గెను గాని కొలెస్టరాలులో మార్పు లేదు. ఇందులో ఎవరును అబద్ధమాడలేదు. మేత మారినది, జవాబు మారినది. "ఫలానా మూలిక ఎలుకలలో పనిచేసెను" అన్న వార్తను చదివినపుడు ఎలుకకు ముందుగ ఏమి పెట్టి పెంచిరో కూడ అడుగవలెను.

హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఎలుకతో ఆగక మనుష్యులను కూడ పరీక్షించిరి. 1990లో శర్మ, రఘురామ్, రావు అనువారు ప్రకటించిన పరిశోధనలో ఇన్సులిను సూదిమందుపై ఆధారపడిన మధుమేహ రోగులకు పదిరోజులు, రోజుకు 100 గ్రాముల చొప్పున నూనె తీసిన మెంతిపిండిని రెండుపూటల ఆహారములో కలిపి పెట్టిరి. రక్తములోని చక్కెర తగ్గెను. మొత్తము కొలెస్టరాలు, ఎల్.డి.ఎల్., ట్రైగ్లిజరైడ్లు తగ్గెను, హెచ్.డి.ఎల్. మారలేదు. ఫలితము మెచ్చదగినది. కాని 100 గ్రాముల పిండిని రోజూ తినగల నాలుకలు ఎన్ని? తరువాత శర్మ 60 మంది మధుమేహ రోగులకు రోజుకు 25 గ్రాముల మెంతులను 24 వారములు పెట్టి కొలెస్టరాలు తగ్గుటను చూచి 1996లో ప్రకటించెను. ఇది ఇంటివారికి కొంత అందుబాటులో నున్న మోతాదే. ఇవి చిన్న పరీక్షలు. గుండెపోటును మెంతులు ఆపునా అన్నది వీనిలో పరీక్షింపబడలేదు.

జంతువులలో పనిచేసినది మనిషిలోను పనిచేయునా అను ప్రశ్నకు మన దేశపు గుగ్గిలపు కథ పాఠము వంటిది. ఔషధ గుగ్గులు రాజస్థానము, గుజరాతు ఎడారి నేలలలో పెరుగు ముండ్లచెట్టు జిగురు. దేహములో మేదస్సు పెరిగినపుడు గుగ్గులు వాడవలెనని సుశ్రుత సంహిత చెప్పినది. జి. వి. సత్యవతి అను పరిశోధకురాలు ఆ మాటను పట్టుకొని కాశీ హిందూ విశ్వవిద్యాలయములో కుందేళ్లపై ప్రయోగములు చేసి, 1966లో తన సిద్ధాంతగ్రంథమును సమర్పించెను. గుగ్గులు కుందేళ్లలో కొలెస్టరాలును తగ్గించెను. ఆమె తరువాత భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యెను. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఆ జిగురునుండి సారము తీసి మందుగ రూపొందించెను. 1980 దశాబ్దము చివర అది మన అంగళ్లకు వచ్చెను. 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు అందులోని పదార్థము కాలేయకణములలో ఏ తాళమును త్రిప్పుచున్నదో కూడ కనుగొనిరి.

మరుసటి సంవత్సరము, 2003లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చేసిన పరీక్షాఫలితము వెలువడినది. కొలెస్టరాలు హెచ్చుగ గల 103 మందిని మూడు జట్లుగ విభజించి, ఒక జట్టుకు మందులేని ఉత్తుత్తి మాత్రలు, రెండు జట్లకు గుగ్గులు సారము రెండు మోతాదులలో ఎనిమిది వారములు ఇచ్చిరి. ఎవరికి ఏది ఇచ్చుచున్నదియు రోగికి గాని వైద్యునికి గాని తెలియనీయలేదు. ఉత్తుత్తి మాత్ర తిన్నవారికి ఎల్.డి.ఎల్. నూటికి 5 వంతులు తగ్గెను. గుగ్గులు తిన్నవారికి 4, 5 వంతులు పెరిగెను. గుగ్గులు తిన్నవారిలో ఆరుగురికి ఒంటిపై దద్దురులు కూడ లేచెను. మన దేశపు పరీక్షలలో మేలు కనబడి, అక్కడి పరీక్షలో కనబడకపోవుటకు ఆహారభేదము, దేహభేదము కారణములు కావచ్చునని తర్కించినవారు ఉన్నారు. ఏది ఎట్లున్నను, శాస్త్రములో శ్లోకమున్నది, కుందేలు ఒప్పుకొన్నది అను రెండు సాక్ష్యములు చాలవని ఆ పరీక్ష చెప్పినది.

దీనికి తలక్రిందుగ జరిగిన కథ యొకటి జపానులో ఉన్నది. అకిరా ఎండో అను శాస్త్రజ్ఞుడు 6,000కు పైగా బూజుజాతులను వడపోసి, 1973లో బియ్యపు నమూనాపై దొరికిన బూజునుండి కొలెస్టరాలు ఉత్పత్తిని ఆపు పదార్థమును వేరుచేసెను. ఎలుకలకు పెట్టగా కొలెస్టరాలు తగ్గలేదు. అంతటితో ఆ మందు మూలపడవలసినది. కాని గ్రుడ్లు పెట్టు కోళ్లకు పెట్టి చూచినపుడు వాని కొలెస్టరాలు దాదాపు సగమునకు దిగెను. ఆ మార్గముననే స్టాటిన్లను మందులు పుట్టినవి. వానిలో మొదటిదగు లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అనుమతి పొందెను. గుండెజబ్బు గలవారి ఆయుర్దాయమును ఆ తరగతి మందులు పెంచుచున్నవని వేలకొలది రోగులపై చేసిన పరీక్షలలో తేలినది. ఒక్క ఎలుక మాటనే నమ్మియుండినచో ఆ మందు లోకమునకు దక్కెడిది కాదు.

నేడు గుంటూరు పరిసరములలోని ఔషధశాస్త్ర కళాశాలలలోను విద్యార్థులు ఆకులు, బెరళ్లు, గింజలనుండి సారములు తీసి ఎలుకలపై పరీక్షించు పని నేర్చుచున్నారు. ఇది ఇచ్ఛ వచ్చినట్లు చేయు పని కాదు. జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. ప్రయోగ జంతువులను గూర్చిన నియమములు 1998లో వచ్చినవి. ప్రతి సంస్థలోను నైతిక సంఘము అనుమతి లేనిదే బోను తెరువరాదు. హైదరాబాదు పోషకాహార సంస్థ ఎలుకల సంతతిలో 1996లో పుట్టుకతోనే స్థూలకాయము గల ఎలుక కనబడగా, దాని వంశమును అచ్చటనే పెంచి పరిశోధనలకు వాడుచున్నారు. మందులిచ్చి రోగమును కల్పింపక, సహజముగ కొవ్వు హెచ్చిన జంతువు దొరకుట పరిశోధనకు మేలు. అయినను అది ఎలుకయే గాని మనిషి కాదు.

కావున మొదటి ప్రశ్నకు మా సమాధానము ఇట్లున్నది. మెంతులకు వచ్చిన కీర్తి వట్టి పుకారు కాదు. దానిలో హైదరాబాదు శాస్త్రజ్ఞుల శ్రమ కలదు. కుక్కలలో, ఎలుకలలో కనబడిన గుణము కొంతవరకు మనుష్యులలోను కనబడినది. నానవేసిన మెంతులను మితముగ ఆహారములో చేర్చుకొనుట చాలమందికి హాని కాదు. మధుమేహపు మాత్రలు, సూదిమందు వాడువారు మెంతులను హెచ్చుగ తిన్నచో చక్కెర మరీ దిగిపోవచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందు తీసికొనువారు, గర్భిణులు హెచ్చు మోతాదు తినరాదు. వేరుసెనగ, సెనగలు పడనివారికి మెంతులు కూడ పడకపోవచ్చును. వీరందరును ముందుగ వైద్యునితో చెప్పవలెను.

మాత్రలు మానుట మాత్రము వేరు సంగతి. మాత్రకు వేలమంది మనుష్యుల సాక్ష్యమున్నది. మెంతులకు నేటికి ఉన్నది కొద్దిమంది సాక్ష్యము. పథ్యముతో రెండు మూడు నెలలు మెంతులు తిన్నవారు రక్తపరీక్ష చేయించి, ఆ కాగితమును వైద్యునికి చూపి, మాత్ర మోతాదును ఆయన నిర్ణయమునకు విడుచుట వివేకము. ఇంటిలో పెద్దవారెవరైన చెప్పకుండ మాత్ర మానివేసినారేమో ఈవారమే ఒకసారి మందుల డబ్బా తెరచి చూడుడని మా శ్రోతలను కోరుచున్నాము.